నాలుగో హంస

బంతి మంచం కిందకి పోయిందా? పోనీలే తల్లీ, ఎక్కడికీ పోదు. ఈ గదిలో ఏది దొర్లినా అక్కడికే వెళ్ళి ఆగుతుంది. పొద్దున్నే తీసిస్తాను. ఇటు తిరిగి పడుకో. దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. ఏ కథ కావాలి? మళ్ళీ హంసల కథేనా? సరే, ఊఁ కొట్టాలి మరి. ఊఁ ఆగిందంటే నేనూ ఆపేస్తాను.

అనగనగా మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో ఒక వీధి. ఆ వీధిలో మార్కండేయులని ఒక నేతగాడు, హైమావతని అతని పెళ్ళాం. ముందు గదిలో నేల తవ్వి గుంట చేసుకున్నారు. ఆ గుంటలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని అతను నేసేవాడు. పక్కనే కూర్చుని రాట్నం మీద ఆవిడ దారం చుట్టి ఇచ్చేది. అడ్డపోగు మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరిగెత్తేది, చీర కొంచెం కొంచెం పెరిగేది.

మార్కండేయులు హంసల కొంగుకి పెట్టింది పేరు. కొంగు పొడుగునా వరసగా ఏడు హంసలు. ఒక్కో హంసకీ ఎర్ర పట్టు పోగుతో ఒక కన్ను. ఆ పని వాళ్ళ తాత దగ్గర నుంచి వచ్చింది, చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. షావుకారు పట్టూ జరీ ఇచ్చి, చీర అయ్యాక పట్టుకెళ్ళి, కూలి ఇచ్చేవాడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళయి వచ్చిన ఇల్లాలికి ఒక హంసల చీర నేసివ్వాలి. అందులో నాలుగో హంసకి మాత్రం కన్ను పెట్టకూడదు. ఎందుకని అడుగు. అన్నిటికీ కళ్ళు పెడితే ఏడూ కలిసి ఎగిరిపోతాయిట. ఒకదానికి చూపు లేకపోతే, దాన్ని వదిలేసి మిగతా ఆరూ పోవుట. హంసలు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో మగ్గం ఆగదుట. అందుకే ఆ చీర అమ్మకూడదు, గడప దాటించకూడదు. శ్రావణ శుక్రవారం పూట ఇంట్లోనే కట్టుకుని, మళ్ళీ మడత పెట్టి పెట్టెలో దాచుకోవాలి.

పెళ్ళయిన ఏడాది మార్కండేయులు కూలి పని అయ్యాక మిగిలిన పొద్దులో కూర్చుని, ఆర్నెల్లు నేశాడు ఆ చీర. చింతచిగురు రంగు. హైమావతి దాన్ని చూసి ఏడ్చింది. అప్పుడు సంతోషంతోనే ఏడ్చిందిలే.

ఇక హైమావతి సంగతి చెప్తా విను. దానికొక పిచ్చి ఉండేది, బేరం పిచ్చి. బజారుకెళ్ళి ధర అడిగేది. అందులో సగానికి ఇమ్మనేది. కొట్టువాడు కాదంటే వెనక్కి తిరిగి నడిచేది. ఒక అడుగు, రెండు అడుగులు, మూడో అడుగుకి "ఇటు రండమ్మా" అని వాడే పిలిచేవాడు. ఆ మూడో అడుగు వేసేటప్పుడు దాని మొహం చూడాలి, రాజ్యం గెలిచినట్టే.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. దానికి నలభై ఆరేళ్ళు వచ్చాయి. కూతురు పెళ్ళి చేసుకుని అత్తవారింటికి వెళ్ళిపోయింది. మోకాళ్ళు నొప్పి, బజారు దూరమైంది. చత్వారం వచ్చింది, దగ్గరున్నవి కనపడవు. సూదిలో దారం ఎక్కించాలన్నా పక్కింటికి వెళ్ళేది. దాన్ని ఎవరూ ఏదీ అడగడం మానేశారు. అది తల్లీ, మనిషికి చాలా కష్టంగా ఉంటుంది.

అప్పుడు కూతురొచ్చి ఒక ఫోను కొనిచ్చింది. "అమ్మా, ఇందులో బజారుంది చూడు, నువ్వు నడవక్కర్లేదు" అంది.

ఫోన్లో బజారైతే ఉంది, బేరమాడటానికి మనిషి లేడు. హైమావతి ఒక వారం దిగులుపడింది. ఆ తర్వాత కిటుకు కనిపెట్టింది. వస్తువుని బుట్టలో పెట్టి కొనకుండా వదిలెయ్యాలి. ఒకరోజు, రెండ్రోజులు, మూడో రోజుకి ఫోనే పిలుస్తుంది. మీ బుట్టలో వస్తువు మీకోసం ఎదురుచూస్తోంది, ధర తగ్గింది, రండి అని. మూడో అడుగుకి కొట్టువాడు పిలిచినట్టే.

అలా మొదట గరిటెలు కొంది. ఆ తర్వాత పక్కింటి సామ్రాజ్యానికి కుక్కరు కొనిపెట్టింది. ఆ తర్వాత ఎదురింటి వాళ్ళకి దోమతెర. అప్పటి నుంచి వీధి వీధంతా దాని గుమ్మంలోనే. "హైమక్కా, ఇదెంతకొస్తుందో చూడు", "హైమక్కా, నాకూ ఒకటి పెట్టు". దానికి ఎంత బాగుండేదో. తిడుతున్నాను గానీ, ఆ సంబరం మాత్రం అబద్ధం కాదు.

తన కోసం ఒక్క కళ్ళజోడు బుట్టలో పెట్టుకుంది. ధర తగ్గింది. ఇంకా తగ్గుతుందని వదిలేసింది. మళ్ళీ తగ్గింది. మళ్ళీ వదిలేసింది. ఆ ఆశపోతుకి కళ్ళకంటే బేరమే ఎక్కువైంది.

ఒక శ్రావణ శుక్రవారం హైమావతి హంసల చీర కట్టుకుంది. దాని మీదకి ఫోన్లో కొన్న కుట్టిన జాకెట్టు తొడుక్కుంది. అప్పుడు ఫోను అడిగింది. జాకెట్టు వేసుకుని ఫోటో పెడితే ఈసారి కొనేదాని మీద యాభై రూపాయలు తగ్గిస్తాం అంది.

హైమావతి ఆలోచించింది. చీర గడప దాటకూడదు. కానీ దాటేది చీర కాదు కదా, బొమ్మే కదా అనుకుంది. మార్కండేయులు షావుకారు దగ్గరికి వెళ్ళి ఉన్నాడు. ఎడమ చేతి మీద కొంగు పరిచింది. ఏడు హంసలూ చక్కగా పడేలా, కుడిచేత్తో ఫోటో తీసి పెట్టింది. యాభై రూపాయలు తగ్గించారు. వాటితో టీ వడకట్టుకునే జల్లెడ కొంది.

ఏడాది తిరిగింది. మళ్ళీ శ్రావణం వస్తోంది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. "హైమక్కా, పేరంటానికి అందరికీ ఒకేలాంటి చీరలు తక్కువలో చూసిపెట్టు" అన్నారు. అంతా నేతగాళ్ళ పెళ్ళాలే. జీవితమంతా పట్టు మధ్యలో బతికి, నైలాన్లు కట్టుకునేవాళ్ళు.

హైమావతి వెతికింది. ఒక చీర దొరికింది. హంసలున్న చీర, నాలుగు రంగులున్నాయి. ధర చూస్తే ఇంత తక్కువా అనిపించింది. ఫోన్లో చీర అగ్గిపెట్టెంత, దాని కళ్ళకి అదీ మసగ్గానే కనిపించింది. మూడ్రోజులు బుట్టలో ఉంచింది. ధర ఇంకా తగ్గింది. పన్నెండు చీరలు తెప్పించింది. ఆ ఊపులో కళ్ళజోడు కూడా కొనేసింది.

పార్సిలొచ్చింది. ముందు కళ్ళజోడు తీసి పెట్టుకుంది. దారం చుట్టీ చుట్టీ తన వేళ్ళ మీద పడ్డ గాట్లు కనిపించాయి. ఎన్నాళ్ళకి చూసుకున్నాను నా చేతులు అనుకుంది.

ఆ తర్వాత చీర విప్పింది. నేసింది కాదు, అచ్చు కొట్టింది. కొంగులో ఏడు హంసలు. ఒకటి, రెండు, మూడు. నాలుగో హంసకి కన్ను లేదు.

ఇంకో చీర విప్పింది. నాలుగో హంసకి కన్ను లేదు. మూడో చీరా విప్పింది. ఇక మిగతావి విప్పలేదు.

ఫోను తీసి, ఆ చీర బొమ్మలు పెద్దవి చేసి చూసింది. చిట్టచివరి బొమ్మలో ఒక చెయ్యి, చేతి మీద పరిచిన కొంగు. మణికట్టు దగ్గర తేలు పచ్చబొట్టు. ఆ చెయ్యి తనదే. తను పెట్టిన ఫోటో చూసే ఎవరో హంసల్ని అచ్చు కొట్టేశారు. కన్ను ఎందుకు లేదో వాళ్ళకేం తెలుసు, ఉన్నదున్నట్టు దించేశారు.

తిప్పి పంపిద్దామనుకుంది. ఆలోగానే అందరూ నవ్వుకుంటూ వచ్చి ఎవరి చీర వాళ్ళు పట్టుకుపోయారు.

శుక్రవారం సాయంత్రం పేరంటానికి పన్నెండుగురూ ఆ చీరలే కట్టుకుని వచ్చారు. ముందు గదిలో మార్కండేయులు మగ్గం మీద ఉన్నాడు. అతని పక్క నుంచే ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళారు. పన్నెండు కొంగులు అతని కళ్ళ ముందు నుంచి వెళ్ళాయి. నాడె ఆగిపోయింది.

"మీ హంసల్లాగే ఉన్నాయని ముచ్చటపడ్డాం అన్నయ్యా" అంది సామ్రాజ్యం. "అసలువి మేమెప్పుడు కట్టగలం చెప్పండి."

"బాగున్నాయమ్మా" అన్నాడు మార్కండేయులు.

హైమావతి అందరి కాళ్ళకీ పసుపు రాసింది. బొట్టు పెట్టింది. శనగలు, తాంబూలం ఇచ్చింది. ఏ పాదం ఎవరిదో దానికి తెలీలేదు.

వాళ్ళంతా వెళ్ళాక మార్కండేయులు లేచి పెట్టె తెరిచాడు. చింతచిగురు చీర మడతలోనే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చున్నాడు.

"తప్పు నాదే హైమా" అన్నాడు. "పోయిన ఉగాదికి పట్నం నుంచి ఎవరో కుర్రాడొచ్చాడు. హంసల పని చూపించమన్నాడు. మగ్గం మీద ఏమీ లేదు. గొప్పకి పోయి ఈ చీర తీశాను. గడప లోపలే నిలబడి చూపించాను, దాటలేదు కదా అనుకున్నాను. అతను ఫోను పైకెత్తాడు. నేను పట్టించుకోలేదు. నువ్వు గుళ్ళో ఉన్నావు, నీకు చెప్పలేదు."

హైమావతి నోరు తెరిచింది. ఎవరో కుర్రాడు కాదండీ, నేనే, నా చెయ్యే అని చెప్పాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"పోన్లెండి" అంది.

అంతే అంది తల్లీ. పోన్లెండి అంది. పాపిష్ఠిది.

ఆ తర్వాత షావుకారు కబురు పెట్టాడు. "ఆ కొంగు ఇప్పుడు వీధి వీధినా దొరుకుతోంది మార్కండేయులూ, పట్టుది ఎవరు కొంటారు? హంసలు ఆపెయ్" అన్నాడు. వేరే ఏదైనా నేసుకోవచ్చు కదా అని అందరూ చెప్పారు. మార్కండేయులు వినలేదు. "నా చేత్తో నేనే వాటిని ఎగరగొట్టుకున్నాను. ఇక ఈ ఇంట్లో మగ్గం నిలవదు" అన్నాడు.

మగ్గం మీద ఉన్న పడుగుని కత్తిరించేశాడు. ఆ పోగులు తెగుతుంటే హైమావతి పక్కనే ఉంది. ఇప్పుడు చెప్తాను అనుకుంది. చెప్పలేదు.

ఆ తర్వాత గుంట పూడ్చాడు. గంపలతో మట్టి మోసింది హైమావతే. ఒక్కో గంపకీ ఈసారి చెప్తాను అనుకుంది. దిమ్మిసతో కొట్టి, పైన గచ్చు చేశారు. చెప్పలేదు.

ఆ తర్వాత ఊరి చివర పార్సిళ్ళ గోడౌన్లో వాచ్‌మన్ పని దొరికింది. మొదటిరోజు ఖాకీ చొక్కా వేసుకుని, టిఫిన్ క్యారియరు కోసం చెయ్యి చాపాడు. "నిన్ను సుఖపెట్టలేకపోయాను హైమా, నా వల్లే ఇదంతా" అన్నాడు. క్యారియరు చేతికిచ్చింది. అప్పుడూ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, తప్పు తనదే అనుకున్నప్పటి నుంచీ ఆయన దాన్ని పల్లెత్తు మాట అనలేదు. ఏది చేసినా బాగుందనేవాడు. కూర మాడినా తినేవాడు. చెప్తే ఆ మంచితనం పోతుందని భయం. చెప్పకపోతే ఆయన గుండెలో బరువు దిగదు. ఒక్క మాటంటే ఆయన మళ్ళీ మగ్గం పెట్టేవాడేమో. ఆ మాట తన దగ్గరే పెట్టుకుని, దాని మీదే కూర్చుంది ఇన్నేళ్ళూ.

ఊఁ కొట్టవేం తల్లీ?

నిద్రపోయావు. ఎప్పుడో పోయి ఉంటావు, నీ ఊఁ ఎక్కడ ఆగిందో నేను చూసుకోలేదు. ఆపేస్తానన్నాను గానీ ఆపలేకపోయాను. రోజూ ఇంతే. హంసలకి కళ్ళు పెట్టేదాకా వింటావు, ఫోటో దగ్గరికొచ్చేసరికి పడుకుంటావు.

నీ బంతి ఎందుకు ఆ మంచం కిందకే పోతుందో చెప్పనా? ఎంత దిమ్మిస కొట్టినా ఆ గుంటలో మట్టి కుంగుతూనే ఉంది. అక్కడే మీ తాతయ్య కాళ్ళు దించి కూర్చునేవాడు. ఆ ఫోను కొనిచ్చింది మీ అమ్మే. ఇదిగో, నీ తల నిమిరే ఈ చేతి మీదే ఆ తేలు. నువ్వు దీంతో ఆడుకుంటావు, పొడుస్తుందా అని అడుగుతావు.

తెల్లవారాక తాతయ్య డ్యూటీ దిగి వస్తాడు. నువ్వు బంతి కోసం మంచం కింద దూరుతావు. ఆయన కూడా వంగి చూస్తాడు. "అమ్మమ్మ కథలో ఇక్కడ గుంట ఉంది తాతయ్యా" అని నువ్వు ఒక్క మాట అంటే చాలు, మిగతాది ఆయనే అడుగుతాడు, నేను చెప్పేస్తాను. నా నోటితో నేను మొదలుపెట్టలేక, ఆశపడి ప్రతి రాత్రీ నీకే చెప్తున్నాను. ఒక్క రాత్రి కూడా చివరిదాకా వినవు.

ఈ పూటకీ ఇంతే. పడుకో.

కథేమో కంచికి చేరె,
బంతేమో గుంటకి చేరె,
ఆరు హంసలూ ఎగిరి
ఏ ఊరికో చేరె,
కన్ను లేని హంసొకటి
నీ పక్కకి చేరె,
చెప్పలేని మాటొకటే
ఏ ఇంటికీ చేరదాయె.