జకరయ్య గారి పూసల పలక

జకరయ్య మాస్టారు హైమవతిని మర్చిపోయి ఏడాది దాటింది. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం బస్సెక్కి, మౌలాలి చర్చి వెనకున్న వృద్ధుల హోమ్‌కి వెళ్తూనే ఉంది. వెళ్ళగానే అదే ప్రశ్న.

"నేనెవరో చెప్పండి సార్, చూద్దాం."

ఆయన కళ్ళు చిట్లించి చూసేవారు. ఒక్కోసారి సిస్టర్ అనేవారు, ఒక్కోసారి లేచి నమస్కారం పెట్టేవారు. గురువు తనకి దణ్ణం పెడుతుంటే ఆవిడకి గుండె తరుక్కుపోయేది. అయినా తనెవరో నోరు విప్పి చెప్పేది కాదు. గుర్తొస్తే ఆయనకే రావాలని పంతం.

అసలు ఎలాంటి మనిషి ఆయన! కంప్యూటరన్న మాటే జనానికి కొత్తగా ఉన్న రోజుల్లో, వాళ్ళిద్దరూ పనిచేసిన కంపెనీ మెషిన్‌కి మెమరీ తయారు చేసింది ఆయనే. ఇప్పటి చిప్పులు కావవి. పలక నిండా ఆవగింజల కన్నా చిన్న అయస్కాంతపు పూసలు, వాటి గుండా సన్నటి రాగి తీగలు. ఎంత చదువుకొచ్చిన ఇంజనీరైనా సరే, మొదట భూతద్దం కింద కూర్చుని ఓ పలక స్వయంగా అల్లాల్సిందే. తీగ తప్పితే మాట్లాడకుండా కత్తిరించి పారేసేవారు. హైమవతి ఎన్నిసార్లు ఏడ్చిందో!

ఆ పూసలదొక పాడు గుణం. వాటిలో ఏముందో మెషిన్ చదివితే చాలు, చదివింది చెరిగిపోతుంది. అందుకే చదివిన మరుక్షణం మళ్ళీ రాసి పెట్టాలి. హైమవతి గీసిన మొదటి సర్క్యూట్‌లో ఆ రాసే భాగమే లేదు. అందరి ముందూ మెషిన్ మెమరీ కాస్తా ఖాళీ అయిపోయింది. మాస్టారు అరవలేదు.

"చదివావు సరే, మళ్ళీ రాశావా అమ్మాయ్?" అన్నారంతే.

తర్వాత చిప్పులొచ్చాయి. కంపెనీ మూతపడింది. పలకలన్నీ పాతసామాన్ల వాడికి తూకానికి పోయాయి. హైమవతి తను అల్లిన పలకొక్కటి చీరచెంగులో చుట్టి తెచ్చుకుంది.

ఆ ఆదివారం దాన్నే తీసుకెళ్ళి ఆశగా ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి సార్. నేనెవర్ని?"

ఆయన పలకని తడిమారు. ఆవిడకేసి చూసి, "ఎవరి తాలూకమ్మా మీరు?" అన్నారు.

హైమవతికి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "ఇక నా వల్ల కాదు సార్. అడిగి అడిగి విసిగిపోయాను. ఇంక రాను" అంటూ లేచి చెప్పులేసుకుంది.

మాస్టారు పలకని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నారు. ఒక తీగ వెంబడే ఆ చివరిదాకా గోరు నడిపించారు. తర్వాత దాన్ని ఆవిడ వైపు చాపారు.

"చదివావు సరే, మళ్ళీ రాశావా అమ్మాయ్?"

హైమవతి గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది. చెప్పులు విడిచి, వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నా పేరు హైమవతి సార్. నేను మీ దగ్గరే పని నేర్చుకున్నాను."

"అలాగామ్మా!" అన్నారాయన, మొదటిసారి వింటున్నట్టు.