తప్పుల దిబ్బ

అనగనగా అనే మాట కూడా ఇంకా పుట్టని కాలం. ఏరు ఇప్పుడు పారే దారిలో కాక, అవతలి పాయలో పారే రోజులు. ఆ ఏటి ఒడ్డున ఒక పల్లె ఉండేది. పల్లెలో అందరూ వల వేసుకుని బతికేవాళ్లే. అందులో మాచమ్మ అనే ఒక ఇల్లాలు. మొగుడు ఏటిపాలయ్యాడు. ఒక్కతే కూతురు.

ఆ కూతురి పేరు పెంటమ్మ. ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, ఈ పిల్లని పుట్టగానే చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఇంటికి తెచ్చుకున్నారు. అలా చేస్తే చావు వచ్చి చూసి, "ఇది ఎవరికీ అక్కర్లేని పిల్ల" అనుకుని పక్కకి పోతుందట. చావు నిజంగానే పక్కకి పోయింది. కానీ ఊరు కూడా ఆ మాటే నమ్మేసింది చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. వరద తీశాక అందరూ కలిసి మడుగులో వలలు వేసేవాళ్లు. పడ్డ చేపని వాటాలు వేసుకునేవాళ్లు. ఎన్ని ఇళ్లు అని కాదు, ఎన్ని చేతులు అని. వల విసిరే చేతికి ఒక వాటా. విసిరే చెయ్యి లేని ఇంటికి వాటా లేదు. వలలు దులిపినప్పుడు రాలే పిల్ల చేపలు ఏరుకోవడమే.

మరి మాచమ్మ ఏం చేసేది? ఊరి వలలన్నీ ఆవిడే కుట్టేది. "వదినా, రేపటికి కావాలి" అని ఒకడు. "అత్తా, నాది ముందు చూడు" అని ఇంకొకడు. ఏడాది పొడుగునా వాళ్ల చిల్లులు పూడ్చిన ఆవిడకి వాటా లేదు. ఎందుకు లేదంటే, అది విసిరే చెయ్యి కాదట, కుట్టే చెయ్యట! కుట్టకపోతే ఏం విసురుతారు, వాళ్ల తలకాయలా?

అయినా ఆవిడ నోరెత్తలేదు. పెట్టింది తిని కుట్టుకుంటూ పోయింది. పోగా పోగా కళ్లకి మసకలు కమ్మాయి. వలకన్ను ఏదో, చిల్లు ఏదో తెలియని రోజు వచ్చింది. కుట్టే చెయ్యి కూడా ఆగిపోతే ఆ ఇంట్లో పొయ్యి ఆగిపోయినట్టే.

అప్పుడు పెంటమ్మ కులపెద్ద గవరయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన ఒడ్డున చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు.

"పెద్దయ్యా, నేను వల విసురుతాను. మా ఇంటికీ ఒక చెయ్యి లెక్క కట్టించు."

గవరయ్య చుట్ట తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆడది వల కుడుతుంది, చేప అమ్ముతుంది. విసరడమేంటే?"

"విసరకూడదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఇన్నాళ్లూ ఎవత్తీ అడగలేదు."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను కదా."

ఒడ్డున ఉన్నవాళ్లు కిసకిసా నవ్వారు. గవరయ్యకీ నవ్వొచ్చింది. "సరే పో. కొత్త నీటి రోజున కుర్రాళ్లతో పాటు నువ్వూ విసురు. వల గుండ్రంగా పడిందా, వాటా నీది. అందరూ విన్నారుగా?"

అందరూ విన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఆయన వెక్కిరింతకే అన్నాడు, అయినా అన్నాడు.

కొత్త నీటి రోజంటే ఏటికి మొదటి ఎర్రనీరు వచ్చే రోజు. పసుపు నీళ్లు చల్లి, గుమ్మడికాయ కొట్టి, వయసొచ్చిన కుర్రాళ్లంతా పెద్దల ఎదుట వల విసురుతారు. పెంటమ్మ వాళ్ల నాన్న వల భుజాన వేసుకుని నడుంలోతు నీళ్లలోకి దిగింది. విసిరింది. వల విప్పుకోలేదు. పిండిముద్దలా పోయి బుడుంగున మునిగింది.

"పెంటకుప్ప పడిందిరోయ్!" అని ఒకడు అరిచాడు. ఇక చూడాలి ఆ నవ్వులు.

మర్నాటి నుంచి పెంటమ్మ ఏటి పక్కన పొడి ఇసకలోకి వెళ్లింది. కర్రపుల్లతో పెద్ద సున్నా గీసింది. దూరంగా నిలబడి ఆ సున్నా మీద పడేలా వల విసిరింది. పడలేదు. తప్పిపోయిన ప్రతిసారీ ఒక గులకరాయి ఏరి పక్కన వేసింది. విసిరింది. చూసింది. రాయి వేసింది. విసిరింది. చూసింది. రాయి వేసింది. చేతులు బొబ్బలెక్కాయి. రాళ్లు కుప్పయ్యాయి.

దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా?

"ఏమే పెంటీ, ఇసకలో ఏం పడ్డాయే? కొర్రమీనా?"

"నీ ఎగతాళి పడింది మావా. ఉప్పేసి ఎండబెడతాను."

ఏడు తిరిగింది. మళ్లీ కొత్త నీరు వచ్చింది. పెంటమ్మ నీళ్లలోకి దిగింది. విసిరింది. ఈసారి వల విప్పుకుంది, కానీ సగమే. ఒక పక్క మడతపడి అర్ధచంద్రంలా పడింది. గవరయ్య, "సగం వాటా ఇద్దామా?" అని చుట్టూ చూశాడు. మళ్లీ నవ్వులు.

పెంటమ్మ ఇంటికొచ్చి వల అమ్మ ఒళ్లో పడేసి ఏడ్చింది. "ఏడాదంతా విసిరానే అమ్మా. నా చేతులు చూడు. ఇక నావల్ల కాదు."

మాచమ్మ కూతురి చేతులు తడమలేదు. వలని తడిమింది. అంచు వెంట, బరువుకి గుండ్లు కట్టిన చోటల్లా వేలు పోనిచ్చింది.

"ఎడమ పక్కే నలిగింది" అంది. "గుండ్లు ఒకదాని మీద ఒకటి పడ్డచోట దారం నలుగుతుంది. నువ్వు ఆలస్యంగా వదులుతున్నావే."

"నీకెలా తెలుసు? నువ్వు ఒక్కసారైనా విసిరావా?"

"విసరలేదు. విసిరినవాళ్ల చిల్లులన్నీ కుట్టాను. మన గవరయ్య వల ఏటేటా కుడిపక్కే చిరుగుతుంది. చెయ్యి పైకెత్తి వదులుతాడు. ఆయన నాకు చెప్పలేదు, వల చెప్పింది."

పెంటమ్మ ఏడుపు ఆపి అమ్మ మొహంలోకి చూసింది.

"నువ్వు ఏడాదంతా వల విసరడం నేర్చుకోలేదే అమ్మీ" అంది మాచమ్మ. "ఆలస్యంగా వదలడం నేర్చుకున్నావు. బాగా నేర్చుకున్నావు కూడా."

పెద్దయ్యాక పలక పట్టినదాన్ని, ఆ సంగతి నాకూ ఎరుకే. వంకర అక్షరాన్ని అలాగే దిద్దుకుంటూ పోతే వంకరే గట్టిపడుతుంది.

ఆ మర్నాడు తల్లీ కూతురూ ఇద్దరూ ఇసకలోకి వెళ్లారు. మాచమ్మ ఒక గోనె పరుచుకుని కూర్చుంది. ఆ విసురుని మూడు ముక్కలు చేశారు. పట్టు ఒకటి. తిప్పు ఒకటి. వదులు ఒకటి. కొన్నాళ్లు ఉత్త పట్టే. వల మోచేతికి సర్దుకోవడం, మళ్లీ కింద పెట్టడం, మళ్లీ సర్దుకోవడం. కొన్నాళ్లు ఉత్త తిప్పే. వల లేకుండా నడుం తిప్పడం. చూసినవాళ్లు పిల్లకి గాలి సోకిందన్నారు. ఆ తర్వాతే వదులు.

మాచమ్మకి కళ్లు కనపడవు కదా, చెవితో చూసేది. గుండ్లన్నీ ఒక్కసారిగా ఇసకలో 'జల్లు'మని పడితే తల ఊపేది. ముందు కొన్ని, వెనక కొన్ని పడితే, "మడత" అనేది.

"ఎందుకు మడత?" అని పెంటమ్మ తనని తనే అడిగేది. తెలిసేదాకా ఇంకో విసురు విసిరేది కాదు. తెలిశాక రాయి తీసి, దాని పేరు చెప్పి కుప్ప మీద వేసేది. "ఇది తొందర." "ఇది మణికట్టు." "ఇది భయం." విసిరింది. చూసింది. ఎందుకని అడిగింది. రాయి వేసింది. కుప్ప పెరిగి దిబ్బ అయింది.

మూడో ఏడు కొత్త నీరు వచ్చింది. పెంటమ్మ నీళ్లలోకి దిగింది. పట్టింది. తిప్పింది. వదిలింది. వల గాలిలో విప్పుకుని, నిండుగా, గుండ్రంగా పరుచుకుని, అంచంతా ఒక్కసారే నీటిని తాకింది. జల్లుమంది.

ఒడ్డున ఎవరూ నవ్వలేదు.

అప్పుడు గుంపులోంచి ఎవరో, "గంగమ్మ! గంగమ్మ తల్లి పూనింది!" అని కేకేశారు. అంతే. డప్పులు మోగాయి. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి పెంటమ్మ కాళ్ల మీద పోశారు. మొహానికి పసుపు మెత్తారు. గవరయ్య కూడా చుట్ట పారేసి చేతులు జోడించాడు.

"ఏం కావాలి తల్లీ?"

"వాటా కావాలి పెద్దయ్యా."

"అమ్మవారికి వాటా ఏంటి తల్లీ? విసిరింది నువ్వు కాదు కదా, గంగమ్మ. ఆ వాటా గంగమ్మ గుడికి పోతుంది."

ఆ గుడి ఎక్కడుందో తెలుసా? గవరయ్య వాకిట్లో!

ఎంత చోద్యమో చూడండి. రానన్నాళ్లూ పెంటమ్మకి రాలేదట. వచ్చేసరికి గంగమ్మకి వచ్చిందట. ఓడితే పెంటకుప్ప, గెలిస్తే అమ్మవారు. మధ్యలో బొబ్బలెక్కిన ఆ చేతులు ఎవరివి మరి? తిట్టినా పడొచ్చు గానీ, ఇలా మొక్కి దోచుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? ఎన్నిసార్లు చెప్పినా ఈ చోటికొచ్చేసరికి నా గొంతు పెరుగుతుంది.

పెంటమ్మ గొంతు మాత్రం పెరగలేదు. ఏటి నీళ్లతో మొహం మీద పసుపు కడుక్కుంది.

"పోయినేడు గంగమ్మ ఏ ఊరెళ్లింది పెద్దయ్యా? ఆ ముందటేడు ఎక్కడ పడుకుంది?"

గవరయ్య, "తప్పు తప్పు, అలా అనకూడదు" అన్నాడు.

"అయితే తప్పులే చూడండి" అని పెంటమ్మ వల లాక్కుని మళ్లీ సర్దుకుంది. "ఇది నా మొదటి ఏడు." విసిరింది. పిండిముద్దలా పోయి బుడుంగున మునిగింది.

"ఇది నా రెండో ఏడు." విసిరింది. అర్ధచంద్రంలా పడింది, ఎడమ పక్క మడతతో సహా.

"ఇది గవరయ్య పెద్దయ్య విసురు." చెయ్యి పైకెత్తి విసిరింది. కుడిపక్క మడతపడింది. ఏళ్ల తరబడి చూస్తున్న విసురే, గుర్తుపట్టకుండా ఉంటారా? గుంపంతా గొల్లున నవ్వింది. ఒడ్డున గోనె మీద కూర్చున్న మాచమ్మ చెవి ఒగ్గి విని, "కుడిపక్క ఇంకాస్త మడవాలే అమ్మీ, ఆయనది మరీ ఘోరం!" అని అరిచింది.

"ఇక ఇది నాది" అని పెంటమ్మ విసిరింది. నిండుగా, గుండ్రంగా, జల్లుమని పడింది.

"అమ్మవారు తప్పెందుకు విసురుతుంది పెద్దయ్యా? విసిరినా, ఏ తప్పు కావాలంటే ఆ తప్పు విసురుతుందా? గంగమ్మ ఇల్లు నీ వాకిట్లో ఉంది, ఉండనీ. నా చెయ్యి పుట్టిన ఇల్లు అదిగో!"

ఇసకలో మనిషెత్తు రాళ్ల దిబ్బ. రోజూ దాని పక్కనుంచే నడిచారు. ఆ రోజే చూశారు.

నిన్నటిదాకా వెక్కిరించిన మావే ముందుగా లేచాడు. "గుండ్రంగా పడితే వాటా అన్నావు పెద్దయ్యా. మేమంతా విన్నాం." చేపల తట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. గవరయ్య పారేసిన చుట్ట కోసం కాసేపు వెతికాడు. దొరకలేదు. "కట్టండి, మాచమ్మ ఇంటికి ఒక చెయ్యి కట్టండి" అన్నాడు.

ఆ ఏడాది నుంచి ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు. పెంటమ్మ చాలాకాలం బతికింది. అడిగిన ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఇసకలోనే వల నేర్పింది. పండు ముసలిదయ్యాక పోయింది.

పోయిందో లేదో, మళ్లీ మొదలుపెట్టారు! ఆమె అరచేతిలో పుట్టుకతోనే చక్రం ఉందని ఒకరు. మడుగులో చేపలరాజు ఆమెకి మంత్రం చెప్పాడని ఒకరు. అదంతా గంగమ్మ పూనకమేనని ఒకరు. మూడూ ఒట్టి అబద్ధాలు. గవరయ్య మనవలు పలుగూ పారా పట్టుకొచ్చారు. దిబ్బ చదును చేసి, నాలుగు చేతుల పెంటమ్మని నిలబెట్టి గుడి కడతామన్నారు. ఉన్న రెండు చేతులకే వాటా ఇవ్వడానికి ఏడ్చినవాళ్లు, చచ్చాక నాలుగు చేతులు పెడతారట!

ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు వెళ్లి దిబ్బ మీద కూర్చున్నారు. "ఇందులో మా రాళ్లు కూడా ఉన్నాయి. తీయండి, మేం వద్దనం. కానీ ఒక్కో రాయీ ఏ తప్పుదో పేరు చెప్పి తీయండి" అన్నారు. ఎవరు చెప్పగలరు? పలుగూ పారా అలాగే వెనక్కి వెళ్లాయి.

ఈనాటికీ ఆ పల్లెలో వల పట్టే పిల్లలు ముందు ఇసకలోనే విసరాలి. తప్పిన ప్రతిసారీ, ఏం తప్పో పైకి చెప్పి దిబ్బ మీద రాయి వేయాలి. ఒక్క రాయీ వేయనివాళ్లని నీళ్లలోకి దిగనివ్వరు. వంటకైనా పాటకైనా, ఎవరైనా వచ్చి, "ఆ పిల్లకి పుట్టుకతోనే వచ్చిందండీ" అన్నారనుకోండి, పక్కనున్న ముసలమ్మ ఎవరో ఒకరు, "ముందు దిబ్బ చూసిరా నాయనా" అంటుంది.

ఇప్పుడా దిబ్బ ఊళ్లో అన్ని ఇళ్ల కంటే ఎత్తు. పెద్ద వరద వస్తే పల్లెంతా పిల్లాజెల్లాతో దాని మీదికే ఎక్కుతుంది. గవరయ్య వాళ్ల వాకిలి తగ్గులో ఉంది కాబట్టి, గుళ్లోకి నీళ్లొస్తాయి. అప్పుడు గంగమ్మని కూడా చాటలో పెట్టుకుని మోసుకొచ్చి, వరద తీసేదాకా ఆ రాళ్ల మీదే కూర్చోబెడతారు.

ఎవరిని ఎవరు మోశారో ఆ తల్లినే అడగండి. నా కథ ఇంతే. అది దిబ్బ మీదే ఉంటుంది, మనం లేచి పనిలోకి పోదాం.