పులి ముద్ర ఆకూ, వంద మానికల ఉలవలూ

ఏటికి అవతలి అడవి పులిరాజుది, ఇవతలి అడవి సింహరాజుది. ఉప్పులింగం అనే గాడిద పుట్టింది ఇవతలే గానీ, ఇరవై ఏళ్ళు అవతలే ఉప్పు మూటలు మోశాడు. నడుం వంగి, ముందుపళ్ళలో నడిమిది ఊడి, ఇక నా వల్ల కాదంటే, పులిరాజు బంట్లు పెద్దమనసుతో, "చేసిన చాకిరీకి ఇదిగో నీ భరణం, వంద మానికల ఉలవలు" అన్నారు. అన్న నోటితోనే రేవు దగ్గర పది మానికలు తమ పన్ను కింద కొలిచేసుకున్నారు! రసీదుగా, లెక్కంతా గీకి పులి పంజా ముద్ర వేసిన మోదుగాకు ఇచ్చారు. పుచ్చుకున్నవాళ్ళు ఆకు అంచున పంటిగాటు పెట్టడం అక్కడి రివాజు. లింగం కసుక్కున పెట్టాడు.

తొంభై మానికలు తెప్ప మీద ఇల్లు చేరాయి. ఆ నోటికి గడ్డి నమలబడదు. నానేసిన ఉలవలే ముసలితనానికి దిక్కు. అంతలో దండోరా పడింది.

"ఎక్కడ సంపాదించినా సరే, వందకు పదిహేను మన రాజుగారికి! దాచినవాడి మూటంతా జప్తు!"

లింగం బుర్ర గిర్రున తిరిగింది. 'నాకొచ్చింది వందా, తొంభయ్యా? వంద అందామంటే ఆ పది నేను మూతి కూడా పెట్టలేదాయె. తొంభై అందామంటే ఆకు మీద వంద అనుందాయె!'

లింగం ముందున్న ఆకు చూసి, దారినపోయే నక్క చిట్టెన్న ఆగాడు.

"ఏం బావా, చెవులు వేలాడేశావ్?"

"అవతల పది, ఇవతల పదిహేను. ఇద్దరు రాజులూ చెరో పక్కా కొరికితే నాకేం మిగులుతుంది చిట్టెన్నా? రెంటికీ చెడ్డ రేవడినయ్యాను."

"అక్కడ కట్టింది గోడకేసిన సున్నం బావా, మళ్ళీ ఊడొస్తుందా? పైగా ఆ ఆకు చూస్తే 'నా అడవిలో పులి ముద్రా!' అని రాజుగారు మండిపడతారు. ఇటియ్యి, ఏట్లో పారేస్తా."

"మరి అడిగితే ఏం చెప్పను?"

"ఏం చెప్పకు. ఓండ్ర పెట్టు. గాడిదవేగా, ఎవడూ పట్టించుకోడు."

ఎంత మంచివాడో అనుకుని లింగం ఆకు ఇచ్చేశాడు.

మర్నాడు కొలువులో ముళ్ళపంది కరణం తన వీపున ఒక ముల్లు పీకి, సిరాలో ముంచి, పిలిచాడు. "చిట్టెన్నా! నీ వేరుశనగ చేనుకు పది మానికలు."

"అవతల కట్టేశాగా కరణంగారూ! పరాయి రాజుకు కట్టింది ఇక్కడ తగ్గిస్తారటగా? పదికి పది చెల్లు!" అంటూ నక్క ఆకు తీసి చూపించాడు.

లింగం చెవులు నిక్కాయి. తగ్గిస్తారా? అయినా, ఏట్లో పడ్డ ఆకు అంత పొడిగా ఉందేం?

"భేషుగ్గా తగ్గిస్తాం," అన్నాడు కరణం. "అయితే ఏ రాబడి మీద కట్టావో దాని మీదే. ఇందులో వంద మానికల ఉలవలని ఉంది. దానికి మా పన్ను పదిహేను. పది చెల్లు, ఐదు కట్టు. వేరుశనగ పది వేరే. అది సరే, ఇన్ని ఉలవలూ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా?"

"ఉలవలా! నా వంశంలో ఎవరైనా ఉలవలు తిన్నారా స్వామీ? అవి నావి కావు!"

"ఉలవలు నీవి కాకపోతే ఆకు నీదెట్లా అయింది?"

కరణం ఆకును వెలుగుకేసి పట్టాడు. నడుమ సందున్న పంటిగాటు.

"ఈ గాటు ఎవరిదిరా?"

చెప్పాలా, వద్దా? లింగానికి పాలుపోలేదు. చిట్టెన్న చెప్పిన మాటొక్కటే గుర్తుంది. నోరు బార్లా తెరిచి ఓండ్ర పెట్టాడు. ఊడిన పన్ను సందు కొలువంతా చూసింది!

"రారా లింగం. వంద వచ్చాయని రాస్తున్నా."

"తొంభయ్యే కదండీ అయ్యగారూ?"

"ఓరి పిచ్చోడా, వంద రాస్తేనేరా నీ పది తగ్గేది!"

ఐదు మానికలు కొలిచిచ్చి, ఎనభై ఐదు మిగుల్చుకుని లింగం ఇల్లు చేరాడు. ఎలా మిగిలాయో అతనికి ఈనాటికీ అంతుబట్టలేదు. పరాయి ఆకు తనదని చూపినందుకు నక్క వేరుశనగ మాత్రం చేనుతో సహా జప్తయింది.

వచ్చింది వచ్చినట్టు లెక్క రాయిస్తేనే, కట్టింది కట్టినట్టు కలిసొస్తుంది.