చీమ జారే చెక్క

ఫకృద్దీన్ పొద్దున్నే మూట కట్టేశాడు. పోతానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. వసారాలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వసారాలోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు.

కరీముల్లా బాబా దగ్గర శిష్యుడిగా చేరి రెండేళ్ళు కావస్తోంది. పెన్నా ఒడ్డున ఉన్న ఆ చిన్న ఇంటికి ఎవరొచ్చినా బాబా నవ్వుతూ పలకరిస్తాడు. తాగి తూలుతూ వచ్చినవాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడతాడు. ఒక్క ఫకృద్దీన్ దగ్గరే ఆయన నాలుకకు ముళ్ళు మొలుస్తాయి. నిన్న ఫకృద్దీన్ పదిమందిలో కూర్చుని, కళ్ళు మూసుకుని దేవుడి పేరు తలుచుకుంటుంటే, "నోరు ఈడుంది. నువ్వు ఏ ఊళ్ళో ఉండావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నిజానికి అప్పుడు ఫకృద్దీన్ మనసు వాళ్ళ నాన్న తలుపుల కొట్లో ఉంది. నిజం కాబట్టే కడుపు మరీ మండింది.

"సాయంత్రం బస్సుకు పోతాండా బాబా," అన్నాడు చివరికి, నేల చూస్తూ.

వద్దంటాడేమోనని లోలోపల ఆశపడ్డాడు కూడా.

"పో," అన్నాడు బాబా. ఆయన అరచేతిలో ఒక పిచుకపిల్ల ఉంది. గాలికి ఇంటి పెంకు ఊడి, దాని గూడు కిందపడి చెదిరిపోయింది. పిల్లకు రెక్కలింకా సగమే వచ్చాయి. తల్లి పిచుక గోడ మీద ఒకటే గోల చేస్తోంది. "పోయేలోపల దీనికొక చెక్క గూడు కొట్టిపెట్టు. మీ ఇంటి పనే కదా."

అవును, ఇంటి పనే. వాళ్ళ తాతల నాటి నుంచీ ఒక పట్టుదల ఉంది. తలుపు పూర్తయ్యాక దాన్ని నిలబెట్టి ఒక చీమను వదులుతారు. చీమ జారిపడితేనే పని అయినట్టు. పట్టు దొరికి పైకి పాకిందా, మళ్ళీ మొదటికే.

పాత బల్ల విరిచి ఫకృద్దీన్ చెక్కలు కోశాడు. చిత్రిక పట్టాడు. ముందు చెక్కకు పైన గుండ్రంగా కన్నం తొలిచాడు. బయటే కాదు, లోపలి వైపు కూడా ఉప్పుకాగితం పెట్టి రుద్ది, మైనం పూసి, మళ్ళీ రుద్దాడు. పోయే రోజైనా ఈ ముసలాయన నోటివెంట 'బాగుంది' అన్న మాట రావాలి. ఆ ఒక్క మాట వింటే చాలు. చెక్కలు బిగించి పైన మూత పెట్టాడు. చీమను పట్టుకొచ్చి లోపల వదిలాడు. జారిపడింది.

బాబా మూత తెరిచి లోపల బొటనవేలితో తడిమాడు. పిల్లను అందులో పెట్టి, మూత వేసి, గూడును గోడకు తగిలించాడు.

కాసేపటికి తల్లి పిచుక నోట్లో పురుగుతో వచ్చి కన్నం దగ్గర వాలింది. లోపల గోళ్ళతో గీరుతున్నట్టు బరబరమని చప్పుడు. ఆగింది. మళ్ళీ బరబర. తల్లి అరుస్తోంది. ఫకృద్దీన్ అదేమీ పట్టించుకోలేదు. అతని కళ్ళు ఆ ఒక్క మాట కోసం బాబా ముఖం మీదే ఉన్నాయి.

బాబా లేచి గూడు దించాడు. పిల్లను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉలి తీసుకుని, కన్నం కింద, చెక్క లోపలి వైపు బలంగా ఒక గీత గీశాడు. దాని పైన ఇంకొకటి. మైనం పెచ్చులుగా లేచింది.

ఫకృద్దీన్‌కు ఒళ్ళు తెలియలేదు.

"పాడు చేస్తాండారు!" అని అరిచేశాడు. "ఏం చేసినా గీకడమే! వచ్చే పోయేవాళ్ళందరికీ చక్కెర మాటలు, నాకేమో ఈ ఉలి! నేనేం పాపం చేసినా బాబా?"

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బాబా గీయడం ఆపలేదు. కన్నం దాకా గీతలు పెట్టి, పిల్లను లోపల వదిలి, మూత తెరిచే ఉంచాడు. "చూడు," అన్నాడు.

పిల్ల మొదటి గీతలో గోళ్ళు గుచ్చింది. తూలింది. రెండో కాలు పైగీతకు వేసింది. నెమ్మదిగా దాని తల కన్నంలోంచి బయటికొచ్చింది. తల్లి ఎగిరొచ్చి దాని నోట్లో పురుగు పెట్టింది.

ఫకృద్దీన్ గూట్లోకి చెయ్యి పెట్టి ఆ గీతలను వేలితో తడిమాడు.

"నున్నగా ఉంటే దానికి సుఖమనుకున్న్యా బాబా."

"అందులోనే ఉండిపోయేదానికి సుఖమే."

వీధిలో ఎవరో బస్సు వచ్చే వేళయిందని కేకేశారు. బాబా మూట వైపు చూశాడు. "ఇంకా పోలేదే?"

ఫకృద్దీన్ పిల్లను జాగ్రత్తగా తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఉలి అందుకున్నాడు.

"పక్క చెక్కలు కూడా నున్నగానే ఉండాయి బాబా. గీయాల."

"అయితే గట్టిగా గియ్యి," అన్నాడు బాబా.