రిమోట్ దాటించిన సన్నివేశం

మస్కట్‌లో ఓ భవనం అయిదో అంతస్తులో, పిల్ల తుమ్మితేనే గుండె జారిపోయే హైమవతి అనే తల్లి ఉండేది. ఆమె భర్త వామనమూర్తి ఓడరేవులో ఇంజినీరు. వాళ్ళకు వర్ణిక ఒక్కతే కూతురు, రెండో తరగతి చదువుతూ ఉండేది. పెద్దవాళ్ళెవరూ దగ్గర లేని పరాయి ఊళ్ళో పిల్లకు ఏమైనా అయితే ఆ తప్పంతా తనదేనని హైమవతి హడలిపోయేది. అందుకే టీవీ రిమోట్‌ను ఎప్పుడూ తన చేతిలోనే పెట్టుకునేది. తెరమీద కత్తి కనిపించినా, ఎవరైనా గట్టిగా అరిచినా బటన్ నొక్కి బొమ్మను ముందుకు పరుగెత్తించేది.

"నీ చేతిలో పడితే ఎంత పెద్ద సినిమా అయినా టీ చల్లారేలోపు అయిపోతుంది" అని వామనమూర్తి వేళాకోళం చేసేవాడు.

ఒకసారి వర్ణిక క్లాసు పిల్లలంతా ఓ సూపర్‌హీరో సినిమా చూసి వచ్చారు. తను మాత్రమే చూడలేదని వర్ణిక ఏడ్చింది. హైమవతి తెలిసిన తల్లులందరినీ అడిగింది. కొందరు పిల్లలతో చూడదగ్గదే అన్నారు, కొందరు వద్దన్నారు. ఆమె భయమల్లా ఒక్కటే, ఆ వీరుడు ఆకాశంలో ఎగురుతాడు. చివరికి శుక్రవారం మధ్యాహ్నం, మనుషులు ఎగరలేరని కూతురిచేత పదేపదే చెప్పించుకున్నాకే సినిమా పెట్టింది.

సగం సినిమాలో దుష్టుడు వచ్చాడు. వాడికి ఒళ్ళంతా పొగే. వాడు ఏసీ సందుల్లోంచి ఓ ఇంట్లోకి దూరాడు. అక్కడ ఒక తల్లి బట్టలు మడతపెడుతోంది. పొగ ఆమె కాళ్ళను చుట్టుకుంది. హైమవతి చటుక్కున బటన్ నొక్కింది. బొమ్మ మళ్ళీ నిలబడేసరికి గది ఖాళీగా ఉంది. నేలమీద బట్టలు మాత్రం చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆ తరువాత కథ ఇంకో ఊరికి వెళ్ళిపోయింది.

"ఆ అమ్మ ఏమైందమ్మా?" అని వర్ణిక అడిగింది.

"ఏం కాలేదులే, సినిమా చూడు" అంది హైమవతి.

ఆ మర్నాటినుంచి వర్ణిక తీరు మారింది. తల్లి వంటింట్లో ఉంటే వచ్చి గుమ్మంలో కూర్చునేది. స్నానానికి వెళ్తే తలుపు కొట్టి, ఉన్నావా అని అడిగేది. ఎవరూ చూడకుండా ఏసీ ఆపేసేది. పిల్లకు జలుబు చేసిందేమోనని హైమవతి నుదురు పట్టుకు చూసేది. ఆ వీరుడిలా మెడకు తువ్వాలు కట్టుకుంటోందేమో, మంచం మీదినుంచి దూకుతోందేమో అని కనిపెట్టుకుని ఉండేది. అలాంటివేవీ కనిపించకపోవడంతో గండం గడిచిందనుకుంది.

మండు వేసవిలో ఒక మధ్యాహ్నం హైమవతి కాస్త నడుం వాల్చి, చెమటకు తడిసి లేచింది. ఏసీ ఆగిపోయి ఉంది. పక్కన పిల్ల లేదు. బాల్కనీ తలుపు తీసి ఉంది.

వర్ణిక స్టూలు మీద నిలబడి ఉంది. పిట్టగోడ ఆమె మోకాళ్ళ దగ్గరికే వస్తోంది. చేతిలో దుప్పటితో బయటికి వంగి ఉంది.

ఎగరబోతోంది అనుకుంది హైమవతి. అరవబోయి ఆగింది. ఉలిక్కిపడితే పిల్ల అటే పడిపోతుంది. కాలుతున్న బండలమీద ఉత్త కాళ్ళతో, ఊపిరి బిగబట్టి నడిచింది. రెండు చేతులా నడుము చుట్టి వెనక్కి లాగి కిందికి దించింది.

"ఎగరొద్దని చెప్పానా లేదా?" అంది.

"ఎగరడానికి కాదమ్మా" అంది వర్ణిక. గోడకు బిగించిన ఏసీ బయటి పెట్టెను చూపించింది. దానికి సగం చుట్టిన దుప్పటి వేలాడుతోంది. "సందులు మూస్తున్నా. నువ్వు నిద్రపోతే వాడు వస్తాడు."

"ఎవడే?"

"పొగవాడు. ఆ అమ్మని తీసుకుపోయాడుగా. బట్టలే మిగిలాయి."

హైమవతి ఆ దుప్పటిని లోపలికి లాగింది. తను దాటించేసిన ఆ సన్నివేశంలో ఏముందో ఆమెకూ తెలియదు.

భర్త రాగానే సంగతంతా చెప్పి, మళ్ళీ ఆ సినిమా పెట్టమంది. పిల్ల ఇంకా బెదిరిపోతుందేమో అన్నాడు వామనమూర్తి. ఇంతకంటే ఏం బెదురుతుందని ఆమె రిమోట్‌ను ఫ్రిజ్ మీద పడేసి, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

పొగ రాగానే వర్ణిక తల్లి కొంగులో మొహం దాచుకుంది. కాసేపటికి ఒక కన్నుతో చూసింది. వీరుడు కిటికీలోంచి వచ్చి ఆ తల్లిని ఎత్తుకుపోయి వీధిలో పిల్లల దగ్గర దింపాడు. ఆమె దగ్గుతూనే, చెప్పులేవిరా అని పిల్లల్ని కసిరింది.

"అచ్చం నీలాగే ఉందమ్మా" అని వర్ణిక నవ్వింది. "ఇంతేనా? మరి ఎందుకు చూపించలేదు?" అంది.

తనూ చూడలేదని హైమవతి ఒప్పుకుంది. ఆ రాత్రి వర్ణిక తనే లేచి ఏసీ వేసింది.

అప్పటినుంచి ఏ సినిమా అయినా హైమవతి ముందు తను చూసేది. తగదనిపిస్తే, పిల్ల ఎంత ఏడ్చినా పెట్టేది కాదు. పెడితే మాత్రం పక్కనే కూర్చుని, అడిగినదానికల్లా జవాబు చెప్పేది.

నీతి: పిల్లలకు తగని సినిమా అసలు పెట్టకూడదు, పెట్టాక సగంలో కళ్ళు మూయకూడదు. మనం దాచేసిన ముక్కను పిల్లలు తమ భయంతో పూరించుకుంటారు.