పొగను దానమడిగిన చెన్నుభట్టు

ఇనుప కొలుములకు పేరుపడ్డ ఒకానొక రాజ్యాన్ని గజకేసరి భూపతి ఏలేవాడు. "మా ఇనుమంత చవక ఇంకెక్కడుంది?" అని ఆయన మీసం దువ్వని రోజు లేదు.

కొలుములు కోట పక్కనే ఉన్నా, పొగ మాత్రం గాలివాటున సాలెవీధి మీద పడేది. ఒకనాడు నేతగాళ్లంతా సభకు వచ్చారు. ముసలి నీలమ్మ మగ్గం మీంచి కోసుకొచ్చిన తెల్లబట్టను పరిచింది. అది మసిగుడ్డలా ఉంది.

"బట్ట పోతే పోయింది మహారాజా! నా మనవరాలికి దగ్గుతో ఊపిరాడటం లేదు," అంది.

మంత్రి అమరప్ప లేచాడు. "ప్రభూ, ఎత్తయిన పొగగొట్టం కట్టామంటే ఇనుము ధర పెరిగిపోతుంది. పొగదేముంది? ఊరికే వస్తుంది, ఊరికే పోతుంది."

"భేష్!" అన్నాడు రాజు.

సభలో చమత్కారిగా పేరున్న చెన్నుభట్టు చేతులు జోడించాడు. "ఊరికే పోయేదాన్ని నాకు దానమిప్పించండి ప్రభూ."

సభంతా గొల్లున నవ్వింది. "ఇచ్చాం! ఆ పొగంతా నీదే. ఏం చేసుకుంటావో చేసుకో," అన్నాడు రాజు.

చెన్నుభట్టు కుమ్మరులచేత మట్టిగొట్టాలు చేయించి, కొలిమి నుంచి కోటలోకి వరసగా పేర్పించాడు. ఒక ఉదయం నిండుసభలో గుప్పున పొగ కమ్మింది. రాజుగారి పట్టుతలపాగా నల్లబడింది, కళ్లు ధారలు కట్టాయి.

"ఎవడురా ఈ పని చేసింది?"

"నేనే ప్రభూ. తమరిచ్చిన సొత్తు దాచుకోడానికి మా ఇంట్లో చోటులేదు. తమ ఖజానాలో దాచుకుందామని తెచ్చాను."

"అవతలికి తీసుకుపో!"

"ఎక్కడికి ప్రభూ? ఎవరి గుమ్మం తొక్కినా ఇదే మాట. ఇన్నాళ్లూ పాపం సాలెవాళ్లే దాచిపెట్టారు, బట్టల్లో కొంత, గుండెల్లో కొంత."

అమరప్ప దగ్గుతూనే, "పొగగొట్టం కడితే ఇనుము ధర..." అన్నాడు.

"ధర ఇప్పుడూ అంతే మంత్రిగారూ! కొన్నవాడు కొంత ఇస్తున్నాడు. మిగతాది నీలమ్మ మనవరాలు ఇచ్చుకుంటోంది."

రాజు మసిబారిన తన అరచేతిని చూసుకున్నాడు. తర్వాత ఫక్కున నవ్వాడు. "ఓడాం భట్టూ! పొగగొట్టం కట్టిస్తాం. ఆ ఖర్చు ఇనుము కొనేవాళ్లే భరిస్తారు." మెడలోని ముత్యాలహారం తీసి చెన్నుభట్టుకు వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"కట్టడం పూర్తయ్యేదాకా మంత్రిగారికి సాలెవీధిలో విడిది ఇప్పించండి ప్రభూ. అంతే చాలు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ సరేనన్నాడు. తొలకరికి ముందే పొగగొట్టం ఆకాశానికి లేచింది. చివరి వరసలకు అమరప్పే స్వయంగా ఇటుకలు అందించాడని సాలెవీధిలో చెప్పుకునేవారు.