గుక్కబండ మీద నక్క

రెండు గుట్టల నడుమ తుమ్మలవాగు ఉంది. పేరుకు వాగే గానీ ఏడాదిలో రెండు నెలలు పారితే గొప్ప. మిగతా పది నెలలూ ఒట్టి ఇసుక. అయినా ఆ చుట్టుపక్కల జీవాలు ఏ ఎండాకాలమూ దాహంతో చచ్చిపోలేదు. ఇసుకలో ఒకచోట చెలమ ఉంది. కాళ్లతో కాస్త గీరితే చాలు, నీళ్లు ఊరతాయి. తాగి తలెత్తితే ఎదురుగా ఎర్రమిట్ట కనిపిస్తుంది. గడ్డి తప్ప అక్కడ మరేమీ మొలవదు, ఎవరూ కాపురం ఉండరు. అందుకని అందరూ దాన్ని బీడు అనేవాళ్లు. ఒక్క ఎండ్రవ్వ మాత్రం ఎప్పుడూ ఆ మాట అనలేదు.

ఎండ్రవ్వ అంటే చెలమ పక్క గట్టులో ఉండే ముసలి ఎండ్రకాయ. ఆమె బొక్క అడుగున ఎప్పుడూ నీళ్లు తగులుతూ ఉండాలి, లేకపోతే ఆమె బతకదు. నీళ్లు దిగినకొద్దీ తనూ తవ్వుకుంటూ దిగేది. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో మిగతావాళ్లు పైనుంచి చూసి చెబుతారు, ఎండ్రవ్వ మాత్రం కాళ్లు నొప్పెట్టి చెబుతుంది. ఎర్రమిట్ట మీద వాన పడిన పదిహేను రోజులకు తన బొక్కలో నీళ్లు పైకి రావడం ఆమె ప్రతి ఏడూ చూస్తూనే ఉంది. అక్కడ గడ్డి వేళ్లలోకి ఇంకిన వానే ఇక్కడ చెలమలో ఊరుతోందని చెప్పడానికి ఆమెకు ఏ పండితుడూ అక్కర్లేకపోయింది.

కిందటి కార్తీకంలో గుంటనక్క గుట్ట అవతలికి వెళ్లి, అడవిపందుల మంద పెద్ద కోరలయ్యను కలిసింది. ఎర్రమిట్ట ఖాళీగా పడి ఉందనీ, గడ్డి కింద బోలెడన్ని దుంపలున్నాయనీ, పిల్లాజెల్లాతో వచ్చేయమనీ చెప్పింది. ఇదేదో నక్కకు పుట్టిన జాలి అనుకునేరు. పందులు నేల పెళ్లగిస్తే గడ్డి కింద దాక్కున్న ఎలుకలు బయటపడతాయి, వాటికోసం నక్క ఇక పరుగెత్తక్కర్లేదు. అంతే సంగతి. ముందు రెండు కుటుంబాలు, ఊరికే చూసి పోతామంటూ వచ్చాయి. చూసి పోతామన్నవాళ్లు నెల తిరక్కుండా సగం మిట్టను తిరగేశారు.

ఆ నెలాఖరులో తుపాను వాన పడింది. తుమ్మలవాగు ఎర్రగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పారింది. అలా పారడం ఆ మధ్యకాలంలో ఎవరూ చూడలేదు. చెవులపిల్లులు గంతులేశాయి. నక్క గట్టు మీద నిలబడి, పందులు కాలు పెట్టిన వేళావిశేషం చూశారా అని కనిపించినవాళ్లందరికీ చెప్పింది. అందరూ నిజమే అనుకున్నారు. ఎండ్రవ్వ ఒక్కతే బొక్కలో కూర్చుని ఏడ్చింది. ఎర్రమిట్టలోకి దిగాల్సిన నీళ్లు దిగకుండా మన్నును కూడా వెంటబెట్టుకుని వెళ్లిపోతున్నాయని ఆమెకు అర్థమైంది.

పదిహేను రోజులు ఎదురుచూసింది. బొక్కలో నీళ్లు పైకి రాలేదు. నెలకు కిందికి దిగాయి.

ఎండ్రవ్వ చెవులపిల్లికి చెప్పింది. చెలమలో ఎప్పటిలాగే మోకాలి లోతు నీళ్లున్నాయి కదవ్వా అంది చెవులపిల్లి. అదీ అబద్ధం కాదు. వచ్చినవాళ్లల్లా తాగే ముందు ఇసుకను రవ్వంత గీరి పక్కకు తోస్తారు, అది అక్కడి అలవాటు. నీళ్లు బెత్తెడు దిగితే వీళ్లూ బెత్తెడు గీరతారు. గుంటలో నీళ్లు మాత్రం ఎప్పుడు చూసినా మోకాలి లోతే. ఆ మోకాలిని నమ్ముకునే అందరూ నిశ్చింతగా ఉన్నారు. అక్కడ పెద్దరికం చేసే బూడిదరంగు మైలెద్దుకు కూడా ఎండ్రవ్వ మొర పెట్టుకుంది. అది నెమరు వేస్తూ అంతా విని, చూద్దాంలే అంది. మంచిదే గానీ ఆ ఎద్దుకు ఏదైనా ఒంటబట్టడానికి రెండు నెమర్లు పడుతుంది.

శివరాత్రి వచ్చేసరికి ఎండ్రవ్వ బొక్క రెండింతలు లోతైంది. ఒకనాడు గోరుకు రాతి నేల తగిలింది. దాని పైన నీళ్లు తన నాలుగు కాళ్ల ఎత్తున మాత్రమే ఉన్నాయి. ఆమె పొట్ట కింద ఈ ఏటి గుడ్లున్నాయి. చెలమ ఎండితే ఎద్దు గుట్ట దాటి పోగలదు, చెవులపిల్లి పోగలదు, నక్క అందరికన్నా ముందు పోతుంది. తడి లేకుండా పది బారలు నడిస్తే చచ్చిపోయే తను ఎక్కడికి పోతుంది? ఆమెకు మొదటిసారి భయం వేసింది.

అప్పుడే నక్క కబురు పంపింది. మూడు రోజుల్లో అందరూ చెలమ దగ్గర కూడాలట. ఎర్రమిట్టను పందులకు శాశ్వతంగా ఇచ్చేసే తీర్మానం ఉందట.

తీర్మానం అంటే ఆ వాగులో ఒక కట్టుబాటు ఉంది. చెలమ అంచున ఒక చదును రాయి ఉండేది, దాని పేరు గుక్కబండ. ఎవరు ఏ పని తలపెట్టి అందరినీ ఒప్పించినా, వాళ్లు ఆ బండ మీద నిలబడి, తల వంచి, అందరూ చూస్తుండగా మొదటి గుక్క తాగాలి. ఈ పని వల్ల నీళ్లకు చెరుపు జరిగితే అది ముందు నాకే జరగాలి అని దాని అర్థం. గుక్క తాగలేనివాళ్ల మాట అక్కడికక్కడే వీగిపోయేది, ఆ ఎండాకాలమంతా వాళ్లు అందరికన్నా చివర తాగాలి. తుపానుకు కొట్టుకొచ్చిన ఎర్రమన్ను కింద ఆ బండ పూడిపోయింది. పూడిపోయిందన్న సంగతి కూడా ఎవరికీ పట్టలేదు, అవతలి వైపు ఇసుక జారు మీదుగా దిగి తాగడానికి అలవాటు పడిపోయారు.

ఎండ్రవ్వ మూడు రోజులూ తిండి మానేసి మన్ను తోడింది. ఇంతింత ముద్దలు డెక్కలతో పట్టుకుని ఒక్కొక్కటే పక్కన పెట్టింది. ఏం చేస్తున్నావని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మూడో రోజు పొద్దెక్కేసరికి బండ బయటపడింది. ఆమె దాని అంచున నిలబడి కిందికి చూసుకుంది. చూశాక ఇక ఎవరితోనూ వాదించాలనిపించలేదు.

అందరూ వచ్చారు. నక్క ఇసుకలో తోకతో పెద్ద పటం గీసింది. ఇది మైలెద్దు మేత, ఇది చెవులపిల్లుల పొదలు, ఇదిగో ఇక్కడ ఎవరికీ అక్కరకు రాని బీడు అంటూ ఎర్రమిట్ట చుట్టూ ఒక గుండ్రం చుట్టింది. పటం ముచ్చటగా ఉంది. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో మాత్రం అందులో లేదు. కోరలయ్య వెనక నిలబడి బుద్ధిగా వింటోంది. ఎవరికైనా అభ్యంతరమా అని ఎద్దు అడిగింది. ఎండ్రవ్వ డెక్క ఎత్తింది.

"ఏందవ్వా, మళ్లీ నీ బొక్క కతేనా?" అంది నక్క. "మిట్ట యాడ, చెలమ యాడ. నీళ్లు ఆడినుంచి ఈడికి నడిసి రావడం నువ్వు సూసినావా?"

"సూళ్లేదు నాయనా," అంది ఎండ్రవ్వ. "నీ మాటకు నేను అడ్డుపుల్ల వేయను. కట్టుబాటు ప్రకారం మొదటి గుక్క తాగు, సాలు."

నక్కకు ఇంతకన్నా కావలసిందేముంది. ఇసుక జారు మీదుగా దిగబోయింది.

"ఆ పక్కన కాదు. గుక్కబండ మీద నిలబడి తాగాల," అంది ఎండ్రవ్వ.

అప్పుడు చూశారు అందరూ బండను. అవునవును, అదే పద్ధతి అంది మైలెద్దు. నక్క బడాయిగా బండ ఎక్కి, ముందరి కాళ్లు అంచున పెట్టి తల వంచింది. నీళ్లు అందలేదు. ఇంకా వంచింది. మెడ సాగింది, నడుము సాగింది, నాలుక బారెడు బయటికొచ్చింది. నాలుకకూ నీళ్లకూ మధ్య ఇంకో నక్క పట్టేంత జాగా ఉంది. పూడిపోకముందు ఆ బండ మీద నుంచి చెవులపిల్లులు కూడా సులువుగా తాగేవి. ఈ పక్క నీళ్లు కాస్త పక్కకు జరిగినట్టున్నాయని గొణుగుతూ నక్క మరో జానెడు ముందుకు వంగింది. వెనక కాళ్లు జారాయి. తలకిందులుగా గుంటలో పడి, ఎర్రబురదలో చెవుల దాకా కూరుకుపోయింది. వేళ్లు ఉన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, లేనివాళ్లు ఊరికే చూశారు.

ఎవరూ ఎక్కువసేపు నవ్వలేదు. బండకూ నీళ్లకూ మధ్య ఉన్న ఆ ఖాళీని చూశాక నవ్వు రాలేదు.

ఎండ్రవ్వ ఎద్దు వైపు తిరిగింది. "మామా, కిందటేడు శివరాత్రికి నువ్వు నిలబడి తాగినావా, మోకాళ్ల మీద తాగినావా?"

మైలెద్దు నెమరు ఆపింది. చాలాసేపు తన మోకాళ్ల వంక చూసుకుంది. రెండింటి మీదా వెంట్రుకలు ఊడి చర్మం కాయ కాసి ఉంది. "నిలబడే తాగినానవ్వా," అంది చివరికి. "ఈ యేడు మోకాళ్లు వంచుతాంటే, వయసు మీద పడిందిలే అనుకుంటి."

కోరలయ్య ముందుకొచ్చింది. పందే గానీ న్యాయం తెలిసినది. మిట్ట అవతల ఇంకో ఊట ఉందని నక్క తమకు చెప్పిందని అందరి ముందూ బయటపెట్టి, అది నిజమేనా అని అడిగింది. లేదన్నారు. "అట్లయితే మా పిల్లలు తాగాల్సింది గూడా ఈ నీళ్లే గదా," అంది. "తెలీక మా నీళ్లు మేమే తవ్వి పారబోసుకుంటిమి. మమ్మల్ని యాడికి పొమ్మంటావవ్వా?"

పొమ్మనడానికి ఎండ్రవ్వకు మనసు రాలేదు. వాగుకు ఆ దరిన నల్లబండ మిట్ట ఉంది. అక్కడ రాతి మీద వాన ఎలాగూ ఇంకదు, జారిపోతుంది. బండల సందుల్లో దుంపలూ ఉన్నాయి. అక్కడ ఉండమంది. కోరలయ్య ఆ సాయంత్రమే మందను మళ్లించింది. పోతూ పోతూ, పెళ్లగించిన గడ్డలను పిల్లల చేత మళ్లీ తొక్కించి సరిచేయించింది. చెలమలో ఎవరూ గీరకూడదని, ఊరినంత మట్టుకే వరసగా తాగాలని ఎద్దు కట్టడి చేసింది.

ఆ ఎండాకాలం కష్టంగానే గడిచింది. ఎండ్రవ్వ బొక్కలో నీళ్లు ఒక కాలి ఎత్తుకు దిగాయి. ఆమె రాతికి కరుచుకుని, పొట్టను తడిలో ఆనించి, రోజులు లెక్కపెట్టుకుంది. గుడ్లు పిల్లలయ్యాయి. మొదటి వాన ఎర్రమిట్ట మీద పడింది. వాగులోకి ఈసారి పెద్దగా ఏమీ రాలేదు, వచ్చిన కాసిన్ని నీళ్లూ అంత ఎర్రగా లేవు. పదిహేనో రోజున బొక్కలో నీళ్లు రెండు కాళ్లు పైకొచ్చాయి. పిల్లలను ఆ నీళ్లలోకి వదిలిపెట్టి, ఎండ్రవ్వ ఆ రోజు కడుపునిండా తిన్నది.

నక్క కట్టుబాటు ప్రకారం ఆ వేసవంతా అందరూ తాగాక తాగింది. అందరూ తాగాక మిగిలేది అడుగు నీళ్లే కాబట్టి, ఎవరికన్నా ఎక్కువ వంగాల్సి వచ్చింది. ఇప్పుడు చెలమకు వచ్చినప్పుడల్లా ముందు గుక్కబండ ఎక్కి, తల వంచి, నాలుకకూ నీళ్లకూ ఎంత దూరమో చూసుకుని గానీ దిగదు.

నీళ్లు ఎన్ని ఉన్నాయో గుంటను చూస్తే తెలియదు, వాటికోసం మనం ఎంత వంగుతున్నామో చూసుకుంటే తెలుస్తుంది.